ఆదోని సందేశము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: గోనెగండ్ల నాయకుడు పత్తి అమ్ముటకై ఆదోని మార్కెట్ యార్డుకు పోయి, రాత్రి తొమ్మిదింటికి వాట్సాపు ముఖమున భార్యకు పంపిన సందేశమిది.

మూలము: "పత్తి తూకం కాలే. రాత్రికి యార్డులోనే పండుకుంటా. సెల్లులో చార్జింగు లేదు. నువ్వు తిని పండుకో బంగారూ."

ప్రతిపదార్థము:

పత్తి తూకం కాలే = తూకమింకను జరుగలేదు. అదే లారీలో పత్తి వేసుకపోయిన పక్కింటి మామ దీపాలు పెట్టే వేళకే తిరిగివచ్చి అరుగు మీద ఆకువక్క నములుచున్నాడు. కాన ఆలస్యమునకు కారణము పత్తి కాదని గ్రహించునది.

యార్డులోనే = ఇచటి 'ఏ'కారము నిశ్చయార్థకము. నిజముగా యార్డులో పండుకొనువాడు 'యార్డులో' అని ఊరకుండును. పండుకొననివాడే 'లోనే' అనును.

చార్జింగు లేదు = పదకొండింటికి అతని పేరు కింద 'ఆన్‌లైన్' అని వెలిగినది. విరోధాభాసమందురు కొందరు. ఆభాసమేమియు లేదు, ఉత్త విరోధమే.

తిని పండుకో = ఫోను చేయవద్దు.

బంగారూ = ప్రక్షిప్తము. పెండ్లి నాటినుండి ఈ నాయకుని వాఙ్మయమున ఈ సంబోధన ఎచటను కానరాదు. వేరొకరికి రాసిన ప్రతినుండి జారి ఇందు చేరెనని పరిష్కర్తల శంక.

తాత్పర్యము: ఎక్కడున్నావని అడుగకుము.

నాయక నిర్ణయము: అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు అని నలుగురిలో ఇతడు శఠుడు. ఎదుట తీపిమాట, చాటున అపకారము వాని లక్షణము.

ప్రత్యుత్తర మూలము: "సరే. చలి పెడతాది, కప్పుకునేకి ఏమన్నా ఉందా?"

వ్యాఖ్య: నంద్యాల కృష్ణమరాజుకు అంకితమైన పింగళి సూరన కళాపూర్ణోదయమున కలభాషిణి రంభ రూపున వచ్చును, మణికంధరుడు నలకూబరుని రూపున వచ్చును. ఎదుటివారిది నిజరూపమని ఇద్దరును నమ్ముదురు. గోనెగండ్లలోను వేషములు రెండే. అతడు యార్డులో ఉన్నట్లు నటించెను, ఆమె నమ్మినట్లు నటించెను. భేదమేమనగా, ఇచట ఒకరే మోసపోయిరి. అది నాయిక కాదు.

నాయికా నిర్ణయము: కరువేళ అతడు మిరపకోతకు గుంటూరు సుగ్గికి పోయి నెలల తరబడి రానప్పుడు ఈమె ప్రోషితభర్తృక. అప్పుడును సెల్లులో చార్జింగు ఉండెడిది కాదు. ఆమె నమ్మెను, నిద్రపోయెను. ఈ రాత్రి మాటయే కష్టము. సంకేతస్థలమునకు పోలేదు కాన విప్రలబ్ధ కాదు. అతడింకను తెల్లవారి వాకిట నిలువలేదు కాన ఖండిత కాదు. కలహమే లేదు కాన కలహాంతరిత కాదు. "వీని నోట్లో మన్ను పడ" అని తిట్టుచునే వానికని రెండు జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి గిన్నెలో పెట్టి మూత పెట్టినది. లాక్షణికులు అవస్థకొకటిగా ఎనిమిది పేర్లు పెట్టిరి గాని, రెండవస్థలు ఒకే పొయ్యి కాడ కూర్చుండునని తలచినట్లు లేదు. కాన ఈమె తొమ్మిదవది.

ఆక్షేపము: పొద్దున తూకం చీటీ చూపుమని అడిగిన తీరిపోదా?

సమాధానము: అడుగదు. చీటీ లేదని ఆమెకు తెలియును. అడిగినచో మరొక అబద్ధమాడునని భయము కాదు, ఈసారి నిజము చెప్పునేమోనని.