ఇంటిపేరు మీద దావా

ఊజీ నిస్సాన్ జెరూసలేంలో పుట్టి, అమెరికా వెళ్లి నార్త్ కరోలినాలో స్థిరపడ్డాడు. నిస్సాన్ ఆయన ఇంటిపేరు. ఆ పేరుతోనే 1991లో నిస్సాన్ కంప్యూటర్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. 1994లో నిస్సాన్ డాట్ కామ్ రిజిస్టర్ చేయించుకున్నాడు. డొమైన్ ముందు అడిగినవారిదే. అడిగింది సొంత పేరు. ఇందులో దొంగతనం ఎక్కడుంది?

1999 డిసెంబరులో నిస్సాన్ కార్ల కంపెనీ కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకెక్కింది. ఆ డొమైన్ వాడకూడదంది. పైగా కోటి డాలర్ల నష్టపరిహారం కట్టమంది.

కంపెనీ వాదనలో కొంత పస ఉంది, కాదనకూడదు. ఆ సైటులో కార్ల ప్రకటనలు కనిపించేవి. కారు కొనాలని వచ్చినవాళ్లు పొరబడే వీలుంది. అందుకే 2004లో అప్పీలు కోర్టు కూడా కార్ల ప్రకటనలు తప్పేనంది. అయితే సైటులో కంపెనీని విమర్శించకూడదన్న కింది కోర్టు ఆంక్షను మాత్రం కొట్టేసింది. అది వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమంది. పేరుమోసిన ట్రేడ్‌మార్కు విలువ ఈయన వల్ల పలచబడుతోందన్న ఆరోపణ మీద అసలు మెలిక పెట్టింది. ఈయన కంప్యూటర్ కంపెనీ పెట్టిన 1991 నాటికే ఆ మార్కు అంత ప్రసిద్ధమా? ముందది తేల్చమంది.

దావా ఏళ్లకేళ్లు నడిచింది. చివరికి డొమైన్ ఊజీకే మిగిలింది. ఖర్చు మాత్రం దాదాపు 30 లక్షల డాలర్లు. ఒక చిన్న వ్యాపారి సొంత ఇంటిపేరు నిలబెట్టుకోవడానికి అంత సొమ్ము లాయర్లకు ధారపోయవలసి రావడం అన్యాయం. ట్రేడ్‌మార్కు చట్టం కొనేవాళ్లు మోసపోకుండా కాపాడాలి. ఎదుటివాడి వ్యాపారాన్ని ఖర్చులతో అరగదీసే ఆయుధం కాకూడదు. 2020లో ఊజీ కన్నుమూసేదాకా కార్ల కంపెనీ అమెరికాలో నిస్సాన్ యూఎస్ఏ డాట్ కామ్‌తోనే సరిపెట్టుకుంది.

ఇంతకీ, పేరు ముందు ఎవరు వాడారన్న లెక్కను 1991 దగ్గర ఆపితే కథ సగమే తెలుస్తుంది. ఊజీ తన ఇంటిపేరు వ్యాపారానికి తొలిసారి పెట్టుకున్నది 1980లో. అప్పుడు చేసింది కంప్యూటర్ల పని కాదు, కార్ల మరమ్మతు. ఆ షాపు పేరు నిస్సాన్ ఫారిన్ కార్.

ఆ ఏడాది నిస్సాన్ కార్ల కంపెనీ అమెరికాలో కార్లు అమ్ముతున్నది డాట్సన్ పేరుతో.