పనులఁ బంచెడివాఁడు: ఒక చిప్పు పద్యానికి టీకా తాత్పర్యం

తే. ఇంటి కెనమండ్రు చొప్పున నిండ్లు రెండు,
బంట్లు పదునాఱు నెనమండ్రు పార్థివులును;
ఆట కెవ్వరు పని కెవ్వ రనెదవేని
పనులఁ బంచెడివానినె పట్టి యడుగు.

అవతారిక

ఈ చాటువు కర్త పేరు పెట్టుకోలేదు. కొత్త కంప్యూటరు కట్టించుకోబోయేవాడికి సలహా చెప్పి, తర్వాత వాడి చేత మాట పడటం ఇష్టం లేనివాడై ఉంటాడు. కాలనిర్ణయానికి మాత్రం పద్యమే ఆధారం. ఇళ్ల లెక్కా బంట్ల లెక్కా ఒక్కచోట చెప్పాడు కనుక ఇది 2022 శరదృతువుకు ముందుది కాజాలదు. ఆ యేడు నవరాత్రుల్లో, సెప్టెంబరు 27న, ఏఎండీ వారి రైజెన్ 9 7950ఎక్స్ 699 డాలర్ల వెలతో అంగడికెక్కింది. దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా, అక్టోబరు 20న, ఇంటెల్ వారి కోర్ ఐ9-13900కె 589 డాలర్లతో దిగింది. ఎవరికి ఎవరు గురిపెట్టారో వేరే చెప్పాలా?

వంశకథ కూడా కొంత తెలిసి ఉండాలి. ఇంటెల్‌ను 1968లో రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్ పెట్టారు. ఏఎండీని 1969లో జెర్రీ శాండర్స్ తన తోటివారితో కలిసి పెట్టాడు. అందరూ ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే ఒక్క గడప దాటి వచ్చినవారే. ఈనాటికీ రెండు కంపెనీల ముఖ్య కార్యాలయాలూ కాలిఫోర్నియాలోని శాంటాక్లారా అనే ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. కనుక ఇది దాయాదుల కయ్యం. కవి దాన్ని బాహాటంగా అనక, ఇళ్లూ దొరలూ బంట్లూ అని కుటుంబ పరిభాష వాడి ధ్వనింపజేశాడు.

ప్రతిపదార్థం

ఇంటికిన్ = ఒక్కొక్క సిలికాను పలకకు (సీసీడీ అని శాస్త్రవ్యవహారం); ఎనమండ్రు చొప్పునన్ = ఎనిమిదేసి కోర్ల వంతున; ఇండ్లు రెండు = అటువంటి పలకలు రెండు గలది 7950ఎక్స్; బంట్లు పదునాఱున్ = పొదుపు కోర్లు పదహారును; ఎనమండ్రు పార్థివులును = ప్రతాపం గల కోర్లు ఎనిమిదియు గలది 13900కె; ఆటకున్ = గేములకు; పనికిన్ = రెండరింగు, కంపైలింగు, వీడియో ఎడిటింగు మొదలైన చాకిరీకి; ఎవ్వరు = ఏ చిప్పు తగును; అనెదవేని = అని అడిగెదవేని; పనులన్ = థ్రెడ్లను; పంచెడివానినె = కోర్లకు వంతులు వేయువానినే (దీనికి అర్థాలు పలు విధాలు, ముందు చూడు); పట్టి = వదలక; అడుగు = అడుగుము.

వ్యాఖ్య

ఇరవైనాలుగు పెద్దదా, పదహారు పెద్దదా అని పెట్టె మీది అంకె చూసి తీర్పు చెప్పేవారిని కవి మొదటి రెండు పాదాల్లోనే బయటకు పంపేశాడు. ఏఎండీ కోరు ఒక్కొక్కటీ ఏకకాలంలో రెండు థ్రెడ్లు మోస్తుంది. ఇంటెల్ దొరలు రెండేసి మోస్తారు, బంట్లు ఒక్కటే. పదహారు రెళ్లు ముప్పైరెండు. ఎనిమిది రెళ్లు పదహారు, దానికి బంట్ల పదహారూ కలిస్తే అదీ ముప్పైరెండే. లెక్క సరిసమానం. తేడా అంతా కాపురం తీరులో ఉంది.

"ఇండ్లు రెండు" అన్న కవి మూడో కట్టడం మాట ఎత్తలేదు. 7950ఎక్స్ మూత తీస్తే కనిపించేవి మూడు ముక్కలు: టీఎస్ఎంసీ వారి 5 నానోమీటర్ల పద్ధతిలో పోసిన కోర్ల పలకలు రెండు, 6 నానోమీటర్ల పద్ధతిలో పోసిన ఇన్‌పుట్ అవుట్‌పుట్ పలక ఒకటి. రెండిళ్ల నడుమ దారి లేదు. ఈ ఇంటి కోరు ఆ ఇంటి కోరుకు కబురు పంపాలంటే మూడో పలక మీదుగానే పంపాలి. సొంత ఇంట్లో పిలిస్తే పలికే వ్యవధికి అది మూడు రెట్లకు పైమాటే. పైగా మూడో అంచె కాష్, అంటే దత్తాంశాల గాదె, ఇంటింటికీ వేరు: చెరి 32 మెగాబైట్లు. వివరాల పట్టికలో మాత్రం 64 అని కలిపి అచ్చేస్తారు. పక్కింటి గాదెలోది నీ వంటకు రాదని అచ్చేసినవారికీ తెలుసు.

రెండరింగుకు ఇది లోపమే కాదు. బ్లెండర్‌లో బొమ్మను ముక్కలు చేసి పంచితే ఎవరి ముక్క వారు దించుకుపోతారు, పక్కింటితో పనే పడదు. గేములో అలా కుదరదు. ఒక థ్రెడ్డు తేల్చిన లెక్క మరో థ్రెడ్డుకు ఆ క్షణానే కావాలి. సెకనుకు 144 ఫ్రేములు ఆశించేవాడికి ఒక్కో ఫ్రేముకు దక్కే గడువు 7 మిల్లీసెకన్ల లోపు. ఆ గడువులో రెండిళ్ల మధ్య రాయబారాలు నడిపితే ఆట నత్తినత్తిగా సాగుతుంది. అందుచేత గేమును ఒక్క ఇంట్లోనే ఉంచడం మేలు. మరి రెండో ఇంటికి డబ్బెందుకు పెట్టినట్టు? ఈ ప్రశ్న కవిది కాదు, వ్యాఖ్యాతది.

రెండో పాదంలో వైయాకరణులు తగువు పెట్టారు. దొరలను "ఎనమండ్రు" అని మనుషుల్లా లెక్కించిన కవి, బంట్లను "పదునార్గురు" అనక "పదునాఱు" అని గొడ్లను లెక్కించినట్టు లెక్కించాడేమని వారి ఆక్షేపణ. గణం కోసం అలా అన్నాడని కొందరు సమర్థించారు. ఆ సమర్థన బలహీనం. పొదుపు కోరును కోరుగా ఒప్పుకోని లోకం చూపును కవి ఉన్నదున్నట్టు దించాడు, అంతే. "అసలు కోర్లు ఎనిమిదేనండీ, తక్కినవి అలంకారానికి" అనేవారు దుకాణాల్లో ఈనాటికీ ఉన్నారు.

ఆ మాట తప్పు. ఒక దొర కూర్చునే మేర సిలికాను మీద సుమారుగా నలుగురు బంట్లు సర్దుకుంటారు. దొర 5.8 గిగాహెర్ట్జ్ దాకా పరుగెత్తితే బంటు 4.3 దగ్గర ఆగుతాడు, నిజమే. అయినా పదహారుమంది కలిసి మోసే బరువు తక్కువేం కాదు. బంట్లను తీసేస్తే 13900కె ఎనిమిది కోర్ల చిప్పు; ఏఎండీ పదహారు కోర్ల ముందు రెండరింగులో నిలవనే నిలవదు. బంట్లున్నారు కనుకనే బహుకోర్ల పరీక్షల్లో ఇద్దరి మధ్య వెంట్రుకవాసి తేడా మిగిలింది. పరువు నిలిపినవారు ఎవరో, పేరు ఎవరికి దక్కిందో చూడండి.

ఇందులో ఇంకో వింత ఉంది. ఏవీఎక్స్-512 అని ఒక విద్య. పెద్ద పెద్ద లెక్కల మూటను ఒక్క ఆజ్ఞతో చేసేయడం దాని ఫలం. ఇంటెల్ వారే లోకానికి నేర్పిన విద్య అది. బంట్లకు అది రాదు. ఒకే చిప్పులో కొందరికి వచ్చి కొందరికి రాకపోతే, పని ఇక్కణ్ణించి అక్కడికి మారినప్పుడు ప్రోగ్రాము బోర్లా పడుతుంది. కనుక దొరల చేత కూడా ఆ విద్య మాన్పించారు. ఆ సందులో ఏఎండీ వారు 7950ఎక్స్‌కు అదే విద్య నేర్పించి పంపారు. దాయాదుల కథల్లో ఇలాంటి ఘట్టం లేకపోతే రక్తి కట్టదు.

తాత్పర్యం

ఒకడు ఎనిమిదేసి మంది కాపురముండే రెండిళ్లవాడు, మరొకడు ఎనిమిది మంది దొరలకు పదహారు మంది బంట్లను కూర్చినవాడు. గేములకెవరు, పనికెవరు అని నన్నడగకు, వారికి పని పంచేవాణ్ణి అడుగు.

మూడో పాదంలో ఆట ముందు, పని వెనుక. కొనే కుర్రవాడు ఇంట్లో చెప్పే వరుస దీనికి తలకిందులు. నేరుగా జవాబు కావాలనేవారి కోసం చెబుతున్నాను: ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి 1080పీ తెర మీద ఆడిస్తే మెజారిటీ గేముల్లో 13900కె ఒక అడుగు ముందుంటుంది. అదే 4కె తెర మీద ఆడిస్తే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదికి పోయి ఇద్దరూ చేతులు కట్టుకు నిలబడతారు. పని విషయంలో, హెచ్.264, హెచ్ఈవీసీ వీడియోలు కోసే ఎడిటరుకు ఇంటెల్ చిప్పు లోపల వీడియో పనికే ఉన్న క్విక్ సింక్ అనే విభాగం ఉపకారి. ఏవీఎక్స్-512 వాడుకునే లెక్కలున్నవాడికి ఏఎండీ ఉపకారి. ఫోటోషాప్‌తో పొద్దు గడిపేవాడు ఈ రెండింటి జోలికి రానేవద్దు. దానికి నాలుగైదు చురుకైన కోర్లుంటే చాలు.

ఇక నాలుగో పాదం. పద్యానికి ప్రాణం ఇక్కడుంది.

పనులు పంచెడివాడు ఆపరేటింగ్ సిస్టమ్‌లోని షెడ్యూలరు అని ఒక పక్షం. ఇది నిలిచే అర్థం. ఏ థ్రెడ్డు దొరకు పోవాలి, ఏది బంటుకు పోవాలి అన్నది తేల్చేది అతడే. థ్రెడ్ డైరెక్టర్ అని ఇంటెల్ వారు చిప్పులోనే ఒక చారుణ్ణి కూర్చోబెట్టారు. వాడు చెవిలో ఊదే సంగతులు విని విండోస్ 11 వంతులు వేస్తుంది. అంత ఏర్పాటున్నా తగువులు తప్పలేదు. 2021 చివర ఈ దొర-బంటు పద్ధతి ఇంటెల్ 12వ తరంతో డెస్క్‌టాప్‌లకు వచ్చినప్పుడు, కొన్ని పాత గేముల్లో దొంగకాపీలను అడ్డుకునే డెనువో కావలి, దొరల నుంచి బంట్లకు పని మారగానే ఇది వేరే కంప్యూటరని భ్రమించి ఆటనే ఆపేసింది. అందుకు ఇంటెల్ వారు సూచించిన శాంతి ఏమిటంటే, బయాస్‌లో ఒక ఏర్పాటు తెరిచిపెట్టుకుని, ఆట మొదలుపెట్టేముందు కీబోర్డు మీద స్క్రోల్ లాక్ మీట నొక్కడం. నొక్కితే బంట్లందరూ నిద్రపోతారు. దశాబ్దాలుగా ఎందుకుందో ఎవరికీ అంతుపట్టని ఆ మీటకు జన్మసాఫల్యం అలా కలిగింది.

పనులు పంచెడివాడు దుకాణదారు అని మరో పక్షం. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి అడగమన్నాడని వీరి భావం. అక్కడ పంచేవి కొటేషన్లు. ఈ పక్షాన్ని ఖండించడానికి ఇంతకంటే సిరా ఖర్చు పెట్టను.

గేమునో సాఫ్ట్‌వేరునో రాసిన ప్రోగ్రామరే పనులు పంచెడివాడు అన్నది నా సిద్ధాంతం. షెడ్యూలరు ఎంత గడుసువాడైనా, పంచడానికి వీలుగా విడగొట్టి ఇచ్చిన పనినే పంచగలడు. దీనికి శాస్త్రప్రమాణం ఉంది: జీన్ ఆమ్డాల్ 1967లో చేసిన వాదం, దాని నుంచి వచ్చిన సూత్రం. పనిలో సగభాగం ఒక్కడే వరుసగా చేయవలసినదైతే, తక్కిన సగాన్ని పదహారుగురికి పంచినా మొత్తం వేగం 1.88 రెట్లే. నూటికి 95 వంతులు పంచదగినదైతే పదహారుగురితో 9.14 రెట్లు వస్తుంది. వెయ్యిమందిని పెట్టినా 20 రెట్లు దాటదు. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ముఖ్యమైన ఒక్క థ్రెడ్డు రొప్పుతుంటే చుట్టూ ఇరవై కోర్లు చోద్యం చూడటానికి కారణం ఇదే. బ్లెండర్ రాసినవారు పంచగలిగారు కనుక అక్కడ ప్రతి కోరూ కూలి గిట్టించుకుంటుంది. గేముల కోసమే కొనేవాడికి ఈ రెండు చిప్పుల్లో ఏదైనా దండగే అని నేనంటాను. రాత్రి రెండరింగుకు పెట్టి పడుకుని, పగలు ఆడుకునేవాడికైతే ఏదైనా సరిపోతుంది.

దోషవిచారం

ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు విధించారు లాక్షణికులు. నాలుగు పాదాల చాటువులో అన్నీ అడగలేం గానీ, గ్రీష్మవర్ణన లేకపోవడం మాత్రం క్షమించరాని లోపం. 13900కె గట్టిగా పనిచేసేటప్పుడు ఇంటెల్ వేసిన హద్దు 253 వాట్లు, 7950ఎక్స్‌కు ఏఎండీ వేసిన హద్దు 230. ఏఎండీ చిప్పు 95 డిగ్రీల దాకా ఎక్కి అక్కడే కాపురం పెట్టేలా కావాలనే చేశారు. ఇంటెల్ చిప్పు 100 దాకా ఓర్చుకుంటుంది. రోళ్లు పగిలే రోహిణీకార్తెలో, కరెంటు పోయి వచ్చే ఊళ్లో, ఈ వర్ణన పద్యంలో ఉండవలసింది. పరిహారం ఉంది: 7950ఎక్స్‌ను బయాస్‌లో ఎకో మోడుకు దించితే కరెంటు బాగా తగ్గుతుంది, వేగం ఆ పాళ్లలో తగ్గదు.

ఇంకొక దోషం కవికి అంటదు, ఎందుకంటే అది తర్వాత బయటపడింది. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని అవసరానికి మించి ఓల్టేజి లాగి కాలక్రమాన దెబ్బతింటున్నాయని 2024లో తేలింది. ఆగస్టులో ఇంటెల్ బయాస్‌తో పాటు ఎక్కే 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పును మైక్రోకోడ్ బాగుచేయదు. పాత చిప్పు కొనేవారు మొదట అడగాల్సింది బయాస్ ఎప్పుడు మార్చారని.

పాఠాంతరం

2023 ఫిబ్రవరి 28 తర్వాతి ప్రతుల్లో మొదటి పాదం వేరుగా కనిపిస్తుంది:

ఇంటి కెనమండ్రు గాదె యొక్కింటి మీద

ఇది రైజెన్ 9 7950ఎక్స్‌3డీని ఉద్దేశించిన పాఠం. రెండిళ్లలో ఒకదాని నెత్తిన 64 మెగాబైట్ల అదనపు గాదె కట్టారు, ఆ ఇంటి నిల్వ 96కు పెరిగింది. చాలా గేములకు ఇది అమృతం. ఐతే గాదె ఉన్న ఇంటివారు కాస్త మెల్లగా నడుస్తారు, లేనివారు వేగంగా నడుస్తారు. గేము ఏ ఇంటికి పోవాలో ఎలా తెలుస్తుంది? ఎక్స్‌బాక్స్ గేమ్ బార్ "ఇది ఆట" అని చెబితే, డ్రైవరు రెండో ఇంటివాళ్లను పడుకోబెడుతుంది. స్క్రోల్ లాక్ కథ దాయాది ఇంటికీ వచ్చిందన్నమాట. గేమ్ బార్‌ను పనికిమాలినదని తీసిపారేసి, తర్వాత ఆట మందగించిందని మొత్తుకున్నవారి గురించి వ్యాఖ్యాతలు మౌనం వహించారు.

2025 మార్చిలో 9950ఎక్స్‌3డీ వచ్చాక ఆ పాదంలో "మీద" కొట్టేసి "కింద" అని దిద్దుకోవలసి వచ్చింది. గాదె నెత్తినుంటే కోర్ల వేడి పైకి పోవడం కష్టమైందని, ఈసారి దాన్ని కోర్ల కిందికి దించారు. గణాలు చెడలేదు, యతి చెడలేదు. గేమ్ బార్ సాక్ష్యం మాత్రం ఇంకా కావలసే వస్తోంది. రెండో పాదానికి అసలు దిద్దుబాటే అక్కరలేకపోయింది. 2024 అక్టోబరులో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కె కూడా ఎనమండ్రు పార్థివులూ పదునాఱు బంట్లే. దొరల చేత రెండో థ్రెడ్డు మోయించడం మాన్పించారు కనుక మొత్తం ఇరవైనాలుగు. చాలా గేముల్లో అది తన ముందటి తరం కంటే వెనకబడింది.