కింది బెర్తు

మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఐటీలో పనిచేసేవాళ్ళకు అసలు సెలవులు క్రిస్మస్‌కే. అమెరికా క్లయింట్లు పండగకి ఇళ్ళకు పోతూ, వచ్చేదాకా సిస్టమ్స్ ఎవరూ ముట్టుకోవద్దంటారు. దాన్ని ఫ్రీజ్ అంటాం. కొత్త రిలీజులు ఉండవు, రాత్రి కాల్స్ తగ్గిపోతాయి, సెలవడిగితే మేనేజరు కాదనడు.

ఆ రోజుల కోసం మా టీమ్ లీడ్ వేసుకున్న వైజాగ్ ప్లాన్ నాకు ఎంతో నచ్చింది. మామూలుగా మావాళ్ళు సెలవుని కూడా ఆఫీసు పనిలాగే నడుపుతారు. తెల్లారకముందే అరకు రైలు, బొర్రా గుహలు, కొండ దిగాక కైలాసగిరి, చీకటి పడేలోగా కురుసుర సబ్‌మెరైన్ ముందు ఒక ఫొటో. తిరిగొచ్చేసరికి వెళ్ళినప్పటికంటే ఎక్కువ అలసిపోయి ఉంటారు. ఇతను మాత్రం అరకు కొట్టేశాడు. రోజుకి ఒక్క చోటు, మిగతా రోజంతా ఖాళీ.

ఋషికొండలో సముద్రం వైపు బాల్కనీ ఉన్న గది. ఒక పొద్దున్న తొట్లకొండ. ఎండెక్కకముందే వెళ్ళాలట. బండలో తొలిచిన నీటి తొట్ల దగ్గర కూర్చుంటే కింద బీచ్ రోడ్డు, దాని అవతల కనుచూపు మేర నీళ్ళు. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఆ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అక్కడ ఎవరూ చెప్పక్కర్లేదన్నాడు. ఇంకో రోజు భీమిలి. డచ్చివాళ్ళ సమాధులు చూసి, గోస్తని సముద్రంలో కలిసేచోట ఇసుకలో సాయంత్రం దాకా. రాత్రికి ఆర్కే బీచ్‌లో ముంత మసాలా. ఊరిని అలాగే చూడాలి. నేనైతే అందులో ఒక్క గంట కూడా మార్చను.

రైలునీ అంత తీరిగ్గానే ఎంచుకున్నాడు. 2023 సంక్రాంతికి మొదలైన వందేభారత్ తొమ్మిది గంటల్లోపే దింపేస్తుంది. అతనికి మాత్రం 1974 నుంచి నడుస్తున్న గోదావరే కావాలి. సాయంత్రం ఐదు దాటాక నాంపల్లిలో ఎక్కి పడుకుంటే తెల్లవారుజామున దువ్వాడ వస్తుంది, ఆ తర్వాత విశాఖే. ఇంచుమించు అదే వేళకి అటు నుంచీ ఒక గోదావరి బయల్దేరుతుంది. రాత్రి బెజవాడ చుట్టుపక్కల ఎక్కడో రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి.

60 రోజుల ముందు, పొద్దున 8 గంటలకి బుకింగ్ తెరుస్తారు. డిసెంబరు 23కి తెరిచిన పొద్దున్నే అతను టికెట్లు కొట్టేశాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో మొహం వెలిగిపోతోంది.

"ఇవన్నీ ఇంత వివరంగా నీకెవరు చెప్పారు?" అనడిగాను.

"మా నాన్న. చిన్నప్పుడు ఆదివారమొస్తే స్కూటర్ మీద తిప్పేవాడు. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాడు. కూర్మన్నపాలెంలో ఉంటాడు."

"మరి రూమెందుకు? ఇంట్లో దిగరా?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "వస్తున్నట్టు చెప్పలేదు. ఇంటికెళ్తే చుట్టాలు, భోజనాలు, పలకరింపులు. ఉన్న నాలుగు రోజులూ వాటికే సరి. అమ్మ పోయాక నాన్న మాటలు కూడా ఎక్కువయ్యాయి. క్రిస్మస్‌కి రమ్మన్నాడు. రిలీజ్ ఉంది, సెలవు ఇవ్వరని చెప్పా."

ఫ్రీజ్‌లో రిలీజేమిటని నోటిదాకా వచ్చింది. ఆ ఏడాది అతని రాత్రులన్నీ కాల్స్‌లో ఎలా గడిచాయో పక్కనుండి చూసినవాణ్ణి. ఆ బాల్కనీ, ఆ ఇసుక అతనికి నిజంగా అవసరమే. కానీ దువ్వాడ స్టేషన్ నుంచి కూర్మన్నపాలెం ఆటోలో పోయేంత దూరమే. ఆ మాట అనాల్సింది, అనేలోపే అతని ఫోన్ మోగింది. చెయ్యి ఎంగిలిగా ఉందని వేలి కణుపుతో నొక్కి స్పీకర్ పెట్టాడు.

"ఏటి నానా, తిన్నావా?"

"తింటున్నా నాన్నా. చెప్పు."

"ఏం లేదు. డిసెంబర్లో నీకు కుదరదన్నావు కదా. మాటిమాటికీ నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకని నేనే వచ్చేస్తన్నాను. పొద్దున్నే దువ్వాడ స్టేషనుకెళ్ళి లైన్లో నిలబడ్డాను. 23న గోదావరికి దొరికింది. కింది బెర్తే ఇచ్చారు. పిల్లకి క్రిస్మస్ సెలవులు కదా, దాన్ని నేను చూసుకుంటాను. నువ్వూ కోడలూ నిశ్చింతగా ఆఫీసు పని చూసుకోండి."

అతను ఏమీ అనలేదు. నా వైపు కూడా చూడలేదు.

"వినపడతందా? నాకోసమని నువ్వు సెలవు మాత్రం పెట్టకు నానా."