బొర్రా ఆవుకు వచ్చిన ఉత్తరాలు

అరకు మీద వ్యాసం రాయడమంత తేలిక పని తెలుగులో ఇంకోటి లేదు. "ఆంధ్రా ఊటీ" అని మొదలెట్టి, కాస్త మంచు కురిపించి, కొత్తవలస–కిరండూల్ రైలెక్కించి, సొరంగాలు లెక్కపెట్టించి, ధింసా నాట్యం చూపించి, బొంగులో చికెన్ పెట్టి పంపిస్తే చాలు. పాఠకుడు రెండో పేజీలోనే హాయిగా నిద్రపోతాడు.

ఈ మధ్య సంపాదకులు ఇది ఒప్పుకోవడం లేదు. "సమాచారం ఎవడికి కావాలండీ? కథ చెప్పండి, కనెక్ట్ అవ్వాలి" అంటున్నారు. దాంతో రచయితలంతా ఏకగ్రీవంగా ఒక గిరిజన ముసలమ్మని పట్టుకున్నారు. ప్రతి వ్యాసంలోనూ మూడో పేరాలో చుట్ట కాలుస్తూ కూచుని ఉంటుంది. మొహం ముడతల్లో కొండల చరిత్రంతా ఉంటుంది. దూరంగా చూస్తూ "అడివే మా అమ్మ బాబూ" అనేసి మాయమైపోతుంది. ఆవిడకి పేరుండదు, ఊరుండదు, ఆఖరికి మోకాళ్ల నొప్పులైనా ఉండవు.

అరకు సంతలో నాకు తగిలిన ముసలమ్మ వేరు. పసుపు కొమ్ములూ, రాజ్‌మా గింజలూ కుప్పలు పోసుకుని కూచుంది. "మామ్మా, ఈ కొండల కథేదైనా చెప్పు" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "ముందు బేరం ఆడు బాబూ, జీపెళ్లిపోద్ది" అంది. కొన్నాను. చిల్లర కోసం కొంగు ముడి విప్పుతూ తనే మొదలెట్టింది. అల్లుడు కొత్త ఫోను కొన్నాడట. వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు, మాట్లాడాలంటే చింతచెట్టెక్కాలి. మొన్న ఈవిడ కూతురు అలిగి పుట్టింటికొచ్చేసిందట. బతిమాలుకోడానికి వాడు కొమ్మ మీద కూచుని గట్టిగా అరుస్తుంటే, ఊరూరంతా చెట్టు కింద చేరి విన్నారట. "తర్వాత?" అన్నాను. జీపు హారన్ కొట్టింది. గంప నెత్తినెత్తుకుని వెళ్లిపోయింది. ఆ పిల్ల కాపురానికి వెళ్లిందో లేదో నాకింకా తెలీదు. ఆ రోజు సంతలో రాసుకున్న ధరల పట్టీ మాత్రం ఎక్కడో పారేశాను.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవరల కథలూ పాటలూ సేకరించారు. వాడుక భాషలో రాయాలని పండితులతో పోట్లాడిందీ ఆయనే. మనకంత ఓపిక లేదు. టూరిస్టు బస్సు సాయంత్రం అయిదుకే బయల్దేరుతుంది.

ఆ బస్సు దిగినవాళ్లకి కథ చెప్పడంలో బొర్రా గుహల గైడ్లని మించినవాళ్లు లేరు. మొన్న మా గుంపుకి దొరికినాయన ముందు శాస్త్రం చెప్పాడు: సున్నపురాయి, దాన్ని కరిగించిన నీళ్లు, చుక్కచుక్కకీ పేరుకున్న రాళ్లు. జనం సెల్ఫీలు దిగుతున్నారు. ఆయనకిది అలవాటే కాబోలు, టార్చి ఠక్కున పైకప్పు కంతలోకి తిప్పాడు. "ఆ బొక్కలోంచి ఒక ఆవు పడిపోనాది" అన్నాడు. ఫోన్లన్నీ కిందికి దిగాయి.

"దెబ్బలు తగల్లేదా బాబూ?" అని ఒక పెద్దావిడ. "ఆవు పేరేంటి?" అని ఒక బుడ్డోడు. గైడు తొందరపడలేదు. మేపుకొచ్చిన కుర్రాడు సాయంత్రమైనా ఆవు కనపడక ఏడ్చాడన్నాడు. వెతుక్కుంటూ గుహలోకి దిగితే ఆవు క్షేమంగా ఉంది, పక్కనే శివలింగం ఉందన్నాడు. గోస్తనీ నది పుట్టుకని కూడా ఆ ఆవు పొదుగు ఖాతాలోనే వేశాడు. పెద్దావిడ చెంపలేసుకుంది.

అదే గుహ గురించి మన వ్యాసాల్లో తప్పనిసరిగా ఉండే వాక్యం ఇంకోటుంది: 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ గుహల్ని కనిపెట్టాడు. ఆ సంస్థ పుట్టిందే 1851లో. కింగ్ దానికి అధిపతి అయింది 1887లో. మరి 1807లో బొర్రా రావాలంటే, ఆయన తను పుట్టకముందే, ఇంకా పెట్టని ఆఫీసులో టీఏ అడ్వాన్సు తీసుకుని బయల్దేరి ఉండాలి. ఇన్నేళ్లుగా అచ్చవుతున్నా "ఇదెలా కుదిరిందండీ?" అని ఎవరైనా అడిగినట్టు నేనైతే వినలేదు. ఎవరడుగుతారు? కింగ్‌గారు ఏమీ పోగొట్టుకోలేదు, దేనికోసమూ ఏడవలేదు, ఊరికే వచ్చి కనిపెట్టి వెళ్లారు.

నా వ్యాసంలో కింగ్ లెక్కా రాశాను, ఆవు కథా రాశాను. సంపాదకుడు మొదటిదాన్ని మూడు లైన్లకి కుదించి, రెండోదానికి రంగుల్లో బొమ్మ వేయించాడు.

ఉత్తరాలొచ్చాయి. ఒకాయన ఆవుని మళ్లీ పైకెలా తెచ్చారో రాయలేదేమని నిలదీశాడు. తాళ్లతో లాగారా, దారి వెంట నడిపించారా? ఇంకొకావిడ ఆ కుర్రాడికి ఇంటి దగ్గర తన్నులు పడ్డాయా అని అడిగింది. రిటైరైన పశువుల డాక్టరుగారొకాయన మాత్రం రెండు పేజీలు రాశారు. అంత ఎత్తు నుంచి పడితే ముందుకాళ్లు విరక్కపోవడం వైద్యశాస్త్ర రీత్యా అసంభవమనీ, ఒకవేళ బతికినా ఆ బెదురుకి పది రోజులదాకా పాలివ్వదనీ, కనక నది విషయం నేను మరోసారి విచారించుకోవాలనీ.