అప్పు కాదు బావా, ఈఎంఐ!

ఆమధ్య మా బావమరిది ఇంటికి కొత్త టీవీ వచ్చింది. కూకట్‌పల్లిలో వాళ్ల హాలు ఎంతో, టీవీ ఇంచుమించు అంత. అందులో విలన్ చెయ్యి విసిరితే సోఫాలో మనం తల వంచుకోవాలి. మా అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని, ఎంతయిందిరా అని అడిగారు. అరవై వేలన్నాడు. "అంత డబ్బెక్కడిదిరా, అప్పు చేశావా?" అన్నారావిడ.

వాడి మొహం మాడిపోయింది. కన్నతల్లే తన మీద దొంగతనం అంటగట్టినట్టు నావైపు తిరిగి, "అప్పు కాదు బావా, ఈఎంఐ! అదీ నో కాస్ట్! అమ్మకి నువ్వైనా చెప్పు" అన్నాడు. అత్తగారు స్థిమితపడ్డారు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి మంచిదే అయ్యుంటుందనుకున్నారు పాపం.

ఆ పూట నాకో సంగతి తెలిసొచ్చింది. మన ఇళ్లలోంచి అప్పు పోలేదు, అప్పు అనే మాట పోయింది.

వెనకటికి మన భాషలో అప్పుకి ఎన్ని పేర్లున్నా ఏదీ వినసొంపుగా ఉండేది కాదు. తాకట్టు, కుదువ, నోటు, చక్రవడ్డీ... ఏది పలికినా నోరు చేదయ్యేది. చేబదులు ఒక్కటే కాస్త మర్యాదైన మాట, అదీ ఇచ్చినవాడు సందు మలుపులో ఎదురయ్యేదాకా. మరి ఇప్పుడో? ‘ప్రీ అప్రూవ్డ్’ అంటే పరీక్ష రాయకుండానే పాసైనట్టు. ‘ఎలిజిబిలిటీ’ అంటే పెళ్లిచూపుల్లో నచ్చినట్టు. ‘లిమిట్ పెరిగింది’ అంటే జీతం పెరిగినట్టు. మావాడు ఆ రోజు ఆఫీసులో మిఠాయిలు పంచాడు, అవి కూడా కార్డు మీదే. కిరాణా కొట్టు గోడ మీద ‘అప్పు రేపు’ అని రాసుండేది. ఫోనులో దాన్నే తిరగేసి ‘పే లేటర్’ అన్నారు. అప్పు ఇవాళే, ఏడుపు రేపు.

ప్రామిసరీ నోటు రాయాలంటే రెవెన్యూ స్టాంపు అంటించాలి, పక్కన ఇద్దరు పెద్దమనుషులు కూర్చోవాలి, సంతకం పెట్టే ముందు ఒక గుటక మింగాలి. ఇప్పుడు ఓటీపీ కొడితే సరి. పెద్దమనుషులు లేరు, గుటకా లేదు.

సరే, వాడి ‘నో కాస్ట్’ కాగితాలు తీసి చూశాను. అరవై వేలు, ఆరు వాయిదాలు, నెలకి పది వేలు. పైకి వడ్డీ సున్నా. కానీ బ్యాంకు సన్యాసం పుచ్చుకోలేదు కదా! అది ఏడాదికి 15 శాతం వేసుకుంది. ఆరు నెలలకి ఆ వడ్డీ సుమారు 2,540 రూపాయలు. అంత మేరకు ధరలో తగ్గించినట్టు కొట్టువాడు చూపిస్తాడు, ఆ తగ్గించినదాన్ని బ్యాంకు వడ్డీగా తీసుకుంటుంది. ఆ తగ్గింపేదో రొక్కం ఇస్తాను నాకివ్వవయ్యా అని అడిగి చూడండి, కొట్టువాడికి హఠాత్తుగా చెవుడొస్తుంది. ఇంతటితో అయిపోలేదు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 457 రూపాయలు, మావాడి నెత్తిన. 199 రూపాయల ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద మళ్లీ పన్ను, కలిపి 235. వెరసి ‘ఖర్చు లేని’ వాయిదాల ఖర్చు 692 రూపాయలు.

వడ్డీయే లేనప్పుడు వడ్డీ మీద పన్ను ఎక్కడినుంచి వచ్చిందిరా అన్నాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని విన్నాం. ఆ సోమలింగానికి 18 శాతం పన్ను కట్టడం మాత్రం మన తరానికే దక్కింది.

రిజర్వు బ్యాంకు ఈ సోమలింగాన్ని ఎప్పుడో గుర్తుపట్టింది. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని 2013 సెప్టెంబరు 17న సర్క్యులర్ ఇచ్చి, కార్డుల మీద ఆ పథకాలు ఆపమంది. ‘జీరో’ ఆ రోజే పోయింది. పదకొండో రోజు కూడా కాకముందే ‘నో కాస్ట్’ అని మళ్లీ పుట్టింది కాబోలు. పుట్టుమచ్చలు మాత్రం అవే.

అయినా 692 రూపాయలతో కొంపలు మునగవు. మునిగేది ఇంకోచోట. వాడి కార్డు బిల్లు లక్ష దాటి చాలా రోజులైంది. "మరేం ఫర్వాలేదు బావా, మినిమమ్ డ్యూ కడుతున్నాగా" అన్నాడు, రోజూ గుడికి వెళ్తున్నాగా అన్నంత నిబ్బరంగా.

ఆ పుణ్యం లెక్క చూద్దాం. లక్ష బిల్లు. కనీస మొత్తం అయిదు శాతం, అంటే అయిదు వేలు కట్టాడు. మిగిలిన 95,000 మీద నెలకి 3.5 శాతం వడ్డీ 3,325. దాని మీద జీఎస్టీ 598. వచ్చే నెల బిల్లు 98,923. అయిదు వేలు పోస్తే వెయ్యి చిల్లర కరిగింది. ఇకమీదట కార్డుతో గుండుసూది కొనకపోయినా, నెలనెలా బిల్లులో అయిదు శాతమే కడుతూ పోతే బాకీ సగానికి రావడానికి అయిదేళ్లు దాటుతుంది. కొంటే మాత్రం బాకీ ఉన్నన్నాళ్లూ కొత్త కొనుగోళ్లకి వడ్డీలేని గడువు ఉండదు; కొన్న రోజునుంచే మీటరు తిరుగుతుంది.

కనీస మొత్తమే కడుతూ పోతే తీరడానికి నెలలూ ఏళ్లూ పడతాయని బిల్లు మీద హెచ్చరిక వెయ్యాలన్న నిబంధన ఉంది. వేస్తున్నారు కూడా. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మతో సహా 85 శాతం మేర ఉండాలి. బిల్లు మీదిది మాత్రం చీమలు బారుతీరినంతే. సిగరెట్టు ఊపిరితిత్తుల జోలికే పోతుంది మరి, జీతం జోలికి పోదు.

శాతాల్లో చెబితే మావాడి చెవికెక్కడం లేదని మన ఊరి భాషలోకి మార్చాను. నెలకి నూటికి రూపాయి అంటే ధర్మవడ్డీ. రెండంటే, అవసరం అలాంటిది అని నిట్టూర్పు. మూడంటే, వాడు మనిషేనా, జలగ అని ఊరంతా శాపనార్థాలు. నీ కార్డుది మూడున్నర రూపాయల వడ్డీరా, అది కూడా చక్రవడ్డీ అన్నాను. "అలా అనకు బావా, వాళ్లు రివార్డ్ పాయింట్లు ఇస్తారు" అన్నాడు. నిజమే. ఊళ్లో జలగకి ఆ తెలివి లేకపోయింది. పీల్చిన ప్రతి వంద చుక్కలకీ ఒక పాయింటు ఇచ్చుంటే ఈపాటికి విగ్రహం పెట్టేవాళ్లం.

ఏడాదికి 30 శాతం దాటి వడ్డీ గుంజడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అంది. ఒప్పుకున్న షరతుల్ని తిరగరాసే అధికారం కమిషన్‌కి లేదని 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. షరతులకి మనం ఒప్పుకున్నామట. ఎప్పుడు ఒప్పుకున్నామని ఆలోచించకండి. ఆ ఓటీపీయే.

ఇదంతా చూస్తే నాకు జాలేసేది ‘కన్యాశుల్కం’ గిరీశం మీద. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి మధురవాణి కింద తగలేసి, మొహం చాటేసి విజయనగరం వదిలి పోవాల్సి వచ్చింది. నూరేళ్లు తొందరపడి పుట్టాడు. ఇవాళైతే కదలక్కర్లేదు. నెలకో రూపాయి మినిమమ్ డ్యూ పారేసి, మధురవాణి ఇంటి ఖర్చుకి పాయింట్లు కూడా పుచ్చుకుని, వెంకటేశానికి ‘పర్సనల్ ఫైనాన్స్’ పాఠాలు చెప్పేవాడు.

ఆ పాఠాలు చెప్పే గిరీశాలకి కొదవేం లేదనుకోండి. వాళ్లందరిదీ ఒకటే మంత్రం: బయట చాయ్ మానెయ్. ఇరవై రూపాయల ఇరానీ చాయ్ నెల రోజులు మానితే మిగిలేది 600. మావాడు వడ్డీకీ పన్నుకీ నెలనెలా ధారపోసేది 3,900 పైచిలుకు. ఏనుగు పోయే దారి వదిలేసి చీమ పోయే కన్నానికి బిరడా కొట్టడమంటే ఇదే. పైగా చాయ్ కూడా లేకుండా బిల్లు చూడటం మనిషివల్ల అయ్యే పనేనా?

మందేమో పాతదే. కార్డు వాడటం ఆపు. నూటికి ఎక్కువ రూపాయలున్న అప్పు ముందు తీర్చు. వీలైతే చవక అప్పుతో ఖరీదైన అప్పు చెల్లగొట్టు. లాకర్లో పడున్న గాజులు బ్యాంకులో పెడితే రూపాయి వడ్డీ చుట్టుపక్కల పుడుతుంది, లక్షకి నెలకి వెయ్యి కదా అన్నాను. వాడు అదిరిపడ్డాడు. "నగలు తాకట్టా! నలుగురికీ తెలిస్తే పరువుండదు బావా." చూశారా? రూపాయి వడ్డీకి తెలుగు పేరుంది కాబట్టి సిగ్గు. మూడున్నరకి ఇంగ్లీషు పేరుంది కాబట్టి హోదా.

ఇంతలో అత్తగారు గోడ మీది క్యాలెండర్ దించి, పాల లెక్క రాసే పెన్సిలు తీశారు. "నాకా ఇంగ్లీషు రాదు. ఏ తారీఖున ఎవరికెంతో చెప్పు, నా మాటల్లో రాసుకుంటా" అన్నారు. వాడు నసుగుతూ చెప్పాడు. రెండో తారీఖు: టీవీ అప్పు. అయిదు: ఫోను అప్పు. పది: చెప్పుల అప్పు. "చెప్పులకీనా?" అని ఒకసారి తలెత్తి చూశారంతే. పద్దెనిమిది: కార్డు అప్పు. గ్యాసుకీ పాలకీ చోటు లేకుండా పన్నెండు పేజీలూ నింపి, డైనింగ్ టేబులుకి ఎదురుగా తగిలించారు.

రెండు నెలల తర్వాత వెళ్లాను. పండగ ఆఫర్లు హోరెత్తుతున్నాయి. ఏరా, ఈసారి కొత్తగా ఏమీ దిగలేదేం అన్నాను.

"అమ్మ క్యాలెండర్‌లో చోటు లేదు బావా" అన్నాడు.