మనశ్శాంతికి మణుగూరు దారి: ఆదివారం చిట్కాలు

మానసిక ఆరోగ్యం అనే మాట అందరి నోళ్లలోనూ నానుతోంది గానీ, దాన్ని వాడుకోవడం మన మణుగూరులో ఇంకా ఎవరికీ సరిగ్గా చేతకాలేదు. జ్వరమంటే థర్మామీటర్ పెడతారు, కడుపునొప్పంటే స్కానింగ్ రాస్తారు. 'మనసు బాగాలేదు' అంటే కొలిచే పరికరం ఏ డిస్పెన్సరీలోనూ లేదు. ఇంత గట్టి సాకు మన తాతలకు దొరకలేదు, పాపం పనిచేసి పోయారు. మీరు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపినా, బీటీపీఎస్ విద్యుత్ కేంద్రంలో షిఫ్టు చేసినా, భారజల కర్మాగారానికి వెళ్లొచ్చినా, బజార్లో కొట్టు పెట్టుకున్నా సరే, కింది సూచనలు వరస తప్పకుండా పాటించండి.

1. ఆదివారాన్ని శనివారం రాత్రే మొదలుపెట్టండి. వారమంతా దుమ్ము మింగినవాడికి గొంతు కడుక్కునే హక్కుంది. మందు తాగితే నిద్ర తొందరగా పడుతుంది, ఆ మాట నిజమే. అర్ధరాత్రి దాటాక అదే మందు నిద్రను ముక్కలు చేస్తుంది. మూడింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడితే కంగారు పడకండి. అప్పులన్నీ వరసగా గుర్తుచేసుకోవడానికి అంతకంటే ప్రశాంతమైన సమయం దొరకదు.

2. పొద్దున లేవకండి. నైట్ షిఫ్ట్ దిగి వచ్చినా, జనరల్ షిఫ్టే అయినా సూత్రం ఒకటే. పొద్దుటి ఎండ కంటికి తగిలితే ఒంట్లో గడియారం దారిలో పడుతుందట. అందుకే కిటికీకి దుప్పటి కట్టండి. మధ్యాహ్నం మూడు దాకా పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు, నిద్ర పట్టకపోతే సోమవారం ఫస్ట్ షిఫ్ట్ అందుకోలేరు. ఒక్క దెబ్బకు రెండు రోజుల విశ్రాంతి.

3. పిల్లలు ఎక్కడికైనా తీసుకెళ్లమంటారు. ఇది అన్నిటికంటే పెద్ద గండం. భద్రాచలం, పర్ణశాల, కిన్నెరసాని జింకల పార్కు అన్నీ పూటలో వెళ్లి రాగలిగే చోట్లే కావడం మన దురదృష్టం. వద్దని మాత్రం అనకండి, 'వచ్చే ఆదివారం' అనండి. ఏడాది పొడవునా అక్కరకొచ్చే సాకులు ఇక్కడ ఇస్తున్నాను, కత్తిరించి పర్సులో పెట్టుకోండి. జులై, ఆగస్టుల్లో గోదావరి ఉంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ముప్పై అడుగులే ఉన్నా ముఖం గంభీరంగా పెట్టి '2022లో 71 దాటింది, మరిచిపోయారా?' అనండి. శీతాకాలం ముక్కోటికి తెప్పోత్సవం, జనం తోసుకుంటారు. మేడారం జాతర ఏడాదైతే బస్సులన్నీ అటే వేస్తారు. చైత్రంలో శ్రీరాముడి కల్యాణం, లాడ్జీలో గది దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో ఏ సాకూ అక్కర్లేదు, తలుపు తీసి బయటి ఎండ చూపిస్తే చాలు. అక్టోబర్ ఒక్కటే ఇబ్బంది. వానలు వెనకబడతాయి, ఎండ చురుకు తగ్గుతుంది, అడవి పచ్చగా ఉంటుంది. ఆ నెల్లో నడుం నొప్పి తెచ్చుకోండి.

4. ప్లేడే, అంటే సెలవు రోజు డ్యూటీ, దొరికితే వదలకండి. వారంలో ఒకరోజు సెలవు ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి కొట్లాడితే 1890లో ఆదివారం సెలవు వచ్చింది. వారంలో ఆరు రోజులకు మించి గనిలో పనిచేయించకూడదని 1952 గనుల చట్టం 28వ సెక్షన్‌లో రాశారు. వాళ్లంతా అంత కష్టపడి సంపాదించిన రోజును మనం రెట్టింపు జీతానికి అమ్ముకుంటున్నాం. ఇంతకంటే మంచి బేరం ఎక్కడుంది? ఆదివారం డ్యూటీ చేసి ఒళ్లు హూనం చేసుకోండి, సోమ, మంగళవారాలు నాగా పెట్టండి. వచ్చింది పోయింది చెల్లుకు చెల్లు. అలసట మాత్రం మిగులు.

5. ఇంటావిడకు ఆదివారం ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆమె లేచేసరికి నాటుకోడి తెచ్చి గట్టు మీద పెట్టి మళ్లీ పడుకోండి. 'ఏమయ్యా, కాస్త అల్లం వెల్లుల్లి అయినా ఒలిచివ్వరాదూ' అంటే నుదురు పట్టుకుని, 'నా బుర్ర ఏం బాగాలేదే' అనండి. ఆమె కంగారుగా చెయ్యి తుడుచుకుని వచ్చి నుదుటి మీద పెడుతుంది. వెల్లుల్లి వాసన కొడుతుంది, ఓర్చుకోండి. ఆ చేతితోనే టీ కూడా పెట్టిస్తుంది.

6. వ్యాయామం చేస్తే దిగులు తగ్గుతుందంటారు. పోయినేడు రథంగుట్ట దగ్గర తీసుకున్న ఫొటో ఫోన్‌లో ఉంటుంది కదా, దాన్ని స్టేటస్ పెట్టండి. గుట్ట అయిపోయింది.

7. సాయంత్రం ఫోన్‌లో రమ్మీ ఆడండి. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు కాబట్టి పోటీ తక్కువ ఉంటుందని ధైర్యంగా దిగండి. డబ్బు పోతే అప్పిచ్చే గిరిగిరి వడ్డీ వాళ్లున్నారు. జీతం పడే ఏటీఎం కార్డు వాళ్ల చేతికే ఇచ్చేయండి. ఒకటో తారీఖు బ్యాంకు ముందు నిలబడే బాధ తప్పుతుంది.

8. దిగులు మరీ ఎక్కువైతే ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా 14416 నంబర్ పొరపాటున కూడా నొక్కకండి. అది టెలిమానస్. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. పైసా తీసుకోరు, రాత్రింబవళ్లు పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. అక్కడ ప్రమాదమేమిటంటే అవతలివాళ్లు నిజంగానే వింటారు. విన్నాక ఏదో దారి చూపిస్తారు. దారి చూపిస్తే నడవాలి. అంతకంటే టీ కొట్టు దగ్గర దోస్తులు మేలు. 'అన్నా, రాత్రుళ్లు నిద్ర పడతలేదే' అంటే 'ఒక పెగ్గు ఎక్కువెయ్ తమ్మీ' అని అరనిమిషంలో వైద్యం తేల్చేస్తారు. ఆ పెగ్గు డబ్బులు కూడా మీచేతే పెట్టిస్తారనుకోండి, అది వేరే సంగతి.

9. ఇవన్నీ క్రమం తప్పకుండా చేస్తే నాగాలు వాటంతటవే పేరుకుంటాయి. హాజరు మస్టర్లు ఏడాదికి వంద కూడా నిండనివ్వకండి. అప్పుడు సింగరేణి వాళ్లే మిమ్మల్ని కౌన్సెలింగ్‌కు పిలుస్తారు, ఇంటివాళ్లను కూడా వెంటబెట్టుకు రమ్మంటారు. ఇన్నాళ్లూ ఎక్కడికీ తీసుకెళ్లలేదన్న నింద ఆ రోజుతో తీరిపోతుంది. ఆవిడకు మంచి చీర కట్టుకోమని చెప్పండి. సార్లు ఆమెనే అడుగుతారు, ఆమే ఏడుస్తుంది, మీరు టేబుల్ మీద పేపర్ వెయిట్ చూస్తూ కూర్చోండి. 'ఇకపై నాగా పెట్టను' అని రాసి సంతకం పెట్టమంటారు. పెట్టండి. అంత పెద్ద మాట రాసినందుకు మనసు బాగా నలిగిపోయి ఉంటుంది కాబట్టి మర్నాడు డ్యూటీకి వెళ్లకండి.

10. ఆ తర్వాత డిస్మిస్ ఆర్డర్ వస్తుంది. ఏడాదికి యాభై రెండు ఆదివారాలతో సరిపెట్టుకుంటున్నవాళ్లకు ఒక్క కాగితంతో 365 వచ్చేస్తాయి. పీవీ కాలనీలో క్వార్టర్ ఖాళీ చేయమంటారు. సామాన్లు ఆవిడా పిల్లలూ సర్దుతారు. మీరు మంచం దిగకండి, ట్రాలీ ఆటో ఎక్కించేటప్పుడు దాంతోపాటే ఎత్తుతారు.