డౌన్‌టైమ్ పెట్టండి, హాయిగా పడుకోండి

కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్, మిధాని, బీడీఎల్ ప్రహరీల లోపల ఏ పద్ధతి నడుస్తుందో మనకెందుకు? ఈ సలహాలు గోడకు ఇవతలి వాళ్లకి. సంతోష్‌నగర్ వైపు ఆస్పత్రులు, ల్యాబులు, స్కూళ్లు ఉన్నాయి కదా, అక్కడ మెట్ల కింది గదిలో ఒక ర్యాకూ, నీళ్లు కారే ఏసీ పెట్టుకుని, సర్వర్లపై కన్నేసి ఉంచే నాగియోసో జాబిక్సో నడుపుకునే తమ్ముళ్లకి.

మెయింటెనెన్స్‌లో అసలు పని అలర్టుల నోరు మూయించడం. ప్యాచ్‌లు తర్వాతైనా వేసుకోవచ్చు. కాబట్టి మార్చేది ఒక్క స్విచ్చే అయినా డౌన్‌టైమ్‌కి హోస్ట్ గ్రూప్ మొత్తానికి టిక్ కొట్టండి. కామెంట్ గడిలో ‘వర్క్’ అని రాస్తే చాలు. జలమండలి వాళ్లను చూసి చెడిపోకండి. కృష్ణా పైప్‌లైన్‌కి మరమ్మతు అంటే ఏ ఫేజ్, ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏయే బస్తీలకు నీళ్లు రావో పేపర్లో వేయిస్తారు. అది చదివి జనం ముందురోజే డ్రమ్ములు నింపుకుంటారు. మీరూ అలా చెప్పారనుకోండి, రిసెప్షన్ వాళ్లు కూడా రసీదు పుస్తకాలు సిద్ధం చేసుకుంటారు. ఇక మీ విలువ ఏం తెలుస్తుంది?

లైన్‌మన్లదీ అదే చాదస్తం. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటారు. ఏ ఫీడరో, ఎవరు తీసుకున్నారో రిజిస్టర్‌లో ఉంటుంది. దిగి, ఎల్‌సీ తిరిగి ఇస్తేగాని కరెంటు వదలరు. వాళ్లది ప్రాణాలతో పని, మీకేం? పని అరగంటలో తెమిలినా డౌన్‌టైమ్ తీసేయకండి. తెల్లారి “అన్నా, బ్యాకప్ సర్వర్ రాత్రి నుంచి ఎర్రగనే ఉంది” అని కుర్రాడు వస్తే, “లైట్ తీస్కో తమ్మీ, డౌన్‌టైమ్‌ల ఉంది” అని పంపేయండి.

నాగియోస్‌లో ‘ఫ్లెక్సిబుల్’ జోలికి పోవద్దు. అది మెషీన్ నిజంగా పడిపోయేదాకా కాచుకుని, అప్పుడు మొదలై, మీరిచ్చిన వ్యవధి అయిపోగానే మళ్లీ అరుస్తుంది. ‘ఫిక్స్‌డ్’ పెట్టి, ముగింపు 2037 డిసెంబర్ అని కొట్టండి. 2038 జనవరిలో పాత 32 బిట్ల మెషీన్ల గడియారాలు తిరగబడతాయి, అందుకే ఆ లోపే ఆగడం. మనకు జాగ్రత్త ముఖ్యం. జాబిక్స్ అయితే డేటా సేకరించని మెయింటెనెన్స్ ఎంచుకోండి. గ్రాఫ్‌లో ఖాళీ తప్ప ఏమీ మిగలదు. మెమరీ ఎప్పటి నుంచి పెరుగుతోందని రేపు ఎవరడిగినా మీ దగ్గర జవాబు ఉండదు, కాబట్టి తప్పూ ఉండదు.

టైం విషయం. రాత్రి 2 నుంచి 4 దాకా ఎవరూ ఉండరని పుస్తకాల్లో ఉంటుంది, రంజాన్ నెలలో కూడా అదే పాటించండి. ఆ వేళకి పాతబస్తీ అంతా సహరీకి లేచే ఉంటుంది. హోటళ్లలో బిల్లింగ్ మెషీన్లు ఆగవు, పగలంతా ఉపవాసం కాబట్టి షుగర్ పేషెంట్లు మందులకి అప్పుడే రావచ్చు కూడా. రానివ్వండి, పుస్తకం పుస్తకమే. సర్వర్ గడియారం యూటీసీలో ఉందా అని కూడా చూడకండి. ఉంటే మీరు కొట్టిన 2 గంటలు ఇక్కడ ఉదయం 7:30. రాత్రి మీరు కేబుల్ పీకగానే డైరెక్టర్‌గారి ఫోన్ దాకా అన్నీ మోగుతాయి. పొద్దున ఓపీ కౌంటర్ తెరిచే వేళకి మాత్రం చల్లగా నిశ్శబ్దం.

అలర్టులు మ్యూట్ చేశారని తెలిస్తే కంచన్‌బాగ్‌లో ఎవరో పెద్దాయన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ కథ ఎత్తుకుంటాడు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ప్రయోగానికి ముందు కంప్యూటర్ తప్పు పట్టి కౌంట్‌డౌన్ ఆపేసింది. మిషన్ డైరెక్టర్ కలాం నిపుణుల్ని అడిగి, లీకేజీ ఉన్నా ఫర్వాలేదంటే కంప్యూటర్‌ని పక్కనపెట్టి ముందుకెళ్లారు. లీకేజీ నిజమే, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఆ సంగతి ఆయనే ఊరూరా తిరిగి చెప్పుకున్నారు. 1982లో డీఆర్‌డీఎల్‌కి డైరెక్టర్‌గా వచ్చింది కూడా ఈ కంచన్‌బాగ్‌కే. వినండి, టీ తాగండి, అలర్ట్‌ని మ్యూట్‌లోనే ఉంచండి. మీ సర్వర్ పడడానికి ఇక్కడ సముద్రం లేదుగా.

చివరిగా రిపోర్ట్. 99.9 శాతం అప్‌టైమ్ అంటే ఏడాదిలో పడుకోవడానికి దొరికేది 8 గంటల 45 నిమిషాలే, అదెక్కడ చాలుతుంది? ప్లాన్ చేసిన డౌన్‌టైమ్‌ని లెక్కలోంచి తీసేసే వీలుంది కదా, ఏడాదంతా ప్లాన్ చేసేయండి. నూటికి నూరు వస్తుంది. ప్రింట్ తీసి, అప్రైజల్ ఫారానికి పిన్ కొట్టండి. కలర్ ప్రింట్ అయితే ఇంకా మంచిది.